‘జానపదం’ అని రాసుకున్న చోట మా పేర్లు రాయండి

తెలుగు పాటల వ్యాపారం చేస్తున్న ఆడియో కంపెనీల, స్ట్రీమింగ్ సంస్థల యాజమాన్యాలకు,
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సాంస్కృతిక శాఖల అధికారులకు,
కేంద్ర ప్రభుత్వ కాపీరైట్ కార్యాలయానికి,

నమస్కారం.

నాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. పాట రాస్తాను, బాణీ కడతాను, జముకు అనే తీగ వాద్యం పట్టుకుని నేనే పాడతాను. ఈ పనిలో 42 ఏళ్లు గడిచాయి. నాలుగు నెలల కిందట నా కొత్త ఆల్బమ్ విడుదల చేశాను. అందులో తొమ్మిది పాటలున్నాయి. పదకొండో రోజున వాటిలో మూడు మూగబోయాయి. ఫోనులో నొక్కితే బొమ్మ కదులుతుంది, గొంతు మాత్రం రాదు. ఈ పాట హక్కులు మరొకరివని కింద ఒక వరుస కనిపిస్తుంది. ఆ మరొకరు ఒక ఆడియో కంపెనీ. ఆ మూడు పాటలూ నేను రాసినవి. ఆ కంపెనీ తన జాబితాలో రచయిత పేరు ఉండాల్సిన చోట వేసుకున్న మాట ‘జానపదం’.

నేను ఊరుకోలేదు. మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి యంత్రం జవాబిచ్చింది. రెండోదానికీ అదే జవాబు, అక్షరం తేడా లేదు. మూడోది స్పీడ్ పోస్టులో పంపాను. అందినట్టు తెలిసింది, జవాబు రాలేదు. ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్తే ఇది తమ పరిధిలోది కాదన్నారు. ఎవరి పరిధిలోదని అడిగితే అదీ తెలియదన్నారు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. కంపెనీ పేరు మాత్రం రాయడం లేదు. నా గొడవ ఒక్కరితో అయితే పేరు రాసి ఊరుకునేవాణ్ని. ఇది వ్యాపారంలో వాడుకగా మారిపోయిన పద్ధతి. నాలాంటి పాటగాళ్లు ఆదిలాబాద్ నుంచి అనంతపురం దాకా ఇదే మాట చెబుతున్నారు.

ముందు ఆల్బమ్ సంగతి చెప్పాలి. అది తెలియకపోతే పోయింది ఏమిటో మీకు అర్థం కాదు.

ఇది నా మొదటి ఒంటరి ఆల్బమ్. అంతకు ముందు నేనెప్పుడూ ఒంటరిగా పాడలేదు. జముకుల కథలో కథకుడి పక్కన వంతలు ఉంటారు. కథకుడు చరణం ముగించగానే వంత అందుకుంటుంది, ఆ కాస్త సేపట్లో కథకుడు ఊపిరి తీసుకుంటాడు. ఆ వ్యవధి లేకపోతే మూడు గంటల కథను ఏ గొంతూ మోయలేదు. నాకు ఇద్దరు వంతలు. ఒకరు మా ఊరి కొబ్బరి రైతు. ఉద్దానాన్ని దశాబ్దాలుగా పీడిస్తున్న మూత్రపిండాల జబ్బు అతన్నీ వదల్లేదు. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్లొచ్చి, మిగిలిన రోజుల్లో నాతో పాడాడు. రెండేళ్ల కిందట పోయాడు. ఇంకొకరు నాకు చెల్లెలి వరస. ముప్పై ఏళ్లు నాతో ఊరూరా తిరిగింది. ఇప్పుడు పలాసలో జీడిపిక్కల కార్ఖానాలో కూలికి పోతోంది. ఆ పొగకు గొంతు పోయింది. రెండు వరుసలు గట్టిగా పాడితే దగ్గు తెర ఆగదు.

అందుకని ఒంటరిగా పాడాను. విశాఖపట్నంలో స్టూడియో అద్దెకు తీసుకుని రెండు రోజుల్లో ముగించాను. వంత అందుకోవాల్సిన ప్రతి చోటా నేను నోరు మూసుకున్నాను. అక్కడ జముకు తీగ ఒక్కటే మోగుతుంది. రికార్డు చేస్తున్న కుర్రాడు ఆ ఖాళీల్లో వేరేవాళ్ల గొంతు కలుపుదామన్నాడు. కంప్యూటర్‌తో నా గొంతునే నలుగురి గొంతుల్లా చేయవచ్చని కూడా చెప్పాడు. వద్దన్నాను. ఈ ఆల్బమ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఆ ఖాళీలే.

తొమ్మిదింటిలో ఆరు కొత్త పాటలు. వాటిలో ఒకటి తిత్లీ తుపాను మీద రాసినది, 17 నిమిషాలు సాగుతుంది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున ఆ తుపాను మా మీద పడింది. తెల్లారేసరికి తాతలు నాటిన కొబ్బరి చెట్లు మొదలంటా పడిపోయి ఉన్నాయి. నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో రైతులకు తెలుసు. పడినవి ఒక్క రాత్రిలో పడ్డాయి. ఆ పాట రాయడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. మిగిలిన మూడు పాతవి: జీడిపిక్కలు వలిచే ఆడవాళ్ల పాట, గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వేటకు వలసపోయే మత్స్యకారుల పాట, మా ఊరి నూతి నీళ్ల పాట. ఇప్పుడు మూగబోయినవి ఈ మూడే.

ఆ మూడూ తొలిసారి 1998లో క్యాసెట్‌గా వచ్చాయి. ఒక కంపెనీ మనుషులు వచ్చి, ఒక హోటల్ గదిలో మా ముగ్గురినీ కూర్చోబెట్టి పన్నెండు పాటలు పాడించుకున్నారు. మొత్తం 4,000 రూపాయలిచ్చారు. రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టించుకుని ఒక రసీదు నకలు నాకిచ్చారు. ఆ నకలు ఇప్పటికీ నా దగ్గరుంది. దాని మీద నాలుగు వరుసలున్నాయి. డబ్బు ముట్టిందని ఉంది. ఎన్నేళ్లకు అని లేదు. ఏయే హక్కులు అని లేదు. రాయల్టీ అన్న మాటే లేదు. నా వంతల పేర్లు కూడా లేవు. ఆ రోజు ఆ డబ్బు మాకు చాలా పెద్దది. మోసపోయామని మేం అనుకోలేదు, మా పాట క్యాసెట్‌లో వచ్చిందని ఊరంతా చెప్పుకున్నాం. ఆ సంతోషం అబద్ధం కాదు. ఇన్నేళ్లకు ఆ కంపెనీ జాబితా మరొకరి చేతికి పోయింది. ఇప్పుడు ఆ కొత్త యజమానులు నేను కొత్తగా పాడిన పాటను బాణీ పోలికతో పట్టుకుని, ఇది మాది అంటున్నారు.

చట్టం ఏమంటుందో మా ఊళ్లో న్యాయశాస్త్రం చదివిన కుర్రాడి సాయంతో నేనే కూర్చుని చదువుకున్నాను. అధికారులకు ఇది తెలియనిది కాదు. అయినా పాడేవాళ్లకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

1957 నాటి కాపీరైట్ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం హక్కులు ఇంకొకరికి రాసివ్వాలంటే కాగితం మీద సంతకం ఉండాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం అన్నది ఆ కాగితంలో ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్లుగా లెక్కించాలి. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే వర్తిస్తుంది. ఈ నిబంధనలు 1995 మే 10 నుంచి అమల్లో ఉన్నాయి. నా రసీదు 1998 నాటిది. అంటే దాన్ని ఎంత ఉదారంగా చదివినా ఆ కంపెనీ హక్కు 2003తో తీరిపోయింది. ఆ పాత రికార్డింగ్ మీద వాళ్లకు వేరే హక్కు ఉండవచ్చు, కాదనను. కానీ పాట మీద, అంటే మాట మీద, బాణీ మీద హక్కు నాది. నేను నా గొంతుతో మళ్లీ పాడితే ఆపే అధికారం వాళ్లకు ఏ కాగితం ఇచ్చింది?

2012లో వచ్చిన సవరణ ఇంకా ముందుకు వెళ్లింది. రచయిత, స్వరకర్త తమకు రావాల్సిన రాయల్టీ వాటాను వదులుకుంటున్నామని సంతకం పెట్టినా ఆ సంతకం చెల్లదు. వారసులకో కాపీరైట్ సంఘానికో తప్ప ఇంకెవరికీ దాన్ని రాసివ్వడానికి లేదు. ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమానికి, దాన్ని ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప, ఆ ఒప్పందం వర్తించదని కూడా ఆ సవరణ చెబుతోంది. 1998లో మేం చూసింది క్యాసెట్. ఫోనులో పాట వినడం అన్నది ఆ హోటల్ గదిలో ఎవరి ఊహలోనూ లేదు. 2012 సవరణ పాత ఒప్పందాలకు వర్తిస్తుందా అని న్యాయవాదులు వాదించుకోవచ్చు. నా కాగితానికి 1995 నిబంధన ఒక్కటి చాలు.

ఇక ఆ ‘జానపదం’ అన్న మాట. ఈ లేఖకు అసలు కారణం అదే.

మన వాగ్గేయకారులు పాటలో ముద్ర వేసేవారు. వేంకటేశుడి పేరు వినపడితే అన్నమయ్య, మువ్వగోపాలుడి పేరు వినపడితే క్షేత్రయ్య. త్యాగరాజు తన పేరే చివరి చరణంలో కలిపాడు. ఎవరు పాడినా, ఎక్కడ పాడినా కర్త ఎవరో పాటే చెబుతుంది. మేం ముద్ర వేసుకోలేదు. పాట జనానిది, దానికి మన పేరు తగిలించుకోవడం అహంకారం అనుకునే రోజుల్లో పెరిగాం. పక్క జిల్లాలో వంగపండు ప్రసాదరావు కట్టిన పాటలను కూలీలు, రైతులు తమ తాతల నాటివనుకుని పాడుకోవడం నేను కళ్లారా చూశాను. ఆయనకు అంతకు మించిన గౌరవం లేదు. కానీ జనం ఒక పాటను జానపదం అనుకోవడం వేరు, దాన్ని అమ్ముకునే కంపెనీ జానపదం అని రాసుకోవడం వేరు. మొదటిది ప్రేమ. రెండోదానికి లెక్క ఉంది. జానపదమైతే కర్త ఉండడు, కర్త లేకపోతే వాటా ఇవ్వాల్సిన మనిషి ఉండడు. నాలుగు అక్షరాలు రాస్తే చాలు, బతికి ఉన్న మనిషి లెక్కలోంచి లేచిపోతాడు.

చట్టంలోనూ ఒక లోపం ఉంది. పాటను విడుదల చేసేటప్పుడు ఏయే వివరాలు ముద్రించాలో 52ఎ సెక్షన్ చెబుతుంది. రికార్డింగ్ చేసినవారి పేరు, చిరునామా ఉండాలి. హక్కుదారు పేరు, చిరునామా ఉండాలి. మొదట ప్రచురించిన సంవత్సరం ఉండాలి. రాసినవాడి పేరు, బాణీ కట్టినవాడి పేరు, పాడినవారి పేర్లు ఆ జాబితాలో లేవు. నేను ఆ సెక్షన్‌ను మూడుసార్లు చదివాను, ఎక్కడైనా పొరపాటున దాటేశానేమోనని. లేవు. నా రచన నాదేనని చెప్పుకునే నైతిక హక్కు 57వ సెక్షన్ కింద నాకుంది. పాడినవారికి అలాంటి హక్కు 38బి సెక్షన్ కింద ఉంది. కానీ చెప్పుకోవాలంటే కోర్టుకెక్కాలి. జీడి కార్ఖానాలో రోజుకూలీకి కోర్టు ఎంత దూరమో మీకు చెప్పనక్కర్లేదు.

దీనివల్ల ఎవరికి ఏం జరుగుతోందో ఇప్పుడు రాస్తాను. నా ఒక్కడి నష్టమైతే ఇన్ని పేజీలు రాసేవాణ్ని కాదు.

1. ముందు నా వంతల సంగతి. ఆ 1998 క్యాసెట్‌లోని పాటలు ఇప్పుడు ఫోనుల్లో వినపడుతున్నాయి. వాటి ముందు ప్రకటనలు వస్తాయి. పోయిన నా మిత్రుడి గొంతు వినాలంటే అతని కొడుకు ముందు ఎవరి సరుకు ప్రకటనో వినాలి. ఆ ప్రకటన డబ్బులో ఆ ఇంటికి ఒక్క రూపాయి రాలేదు. తండ్రి పేరు కూడా అక్కడ లేదు, ‘బృందం’ అని ఉంది. నా చెల్లెలు తన గొంతు బాగున్న రోజుల్లో పాడిన ఒకే ఒక్క రికార్డు అది. జీడిపిక్కల పాటలో ఆమె వంత అందుకునే చోటు వింటే కార్ఖానాలో తోటి ఆడవాళ్లు పని ఆపి ఆమె వైపు చూస్తారు. జీడి జిడ్డుకు చర్మం లేచిపోయిన ఆ వేళ్లతో ఆమె ఫోను పట్టుకుని ఒకసారి నన్ను అడిగింది: “అన్నయ్యా, ఇక్కడ నా పేరు ఎలా రాయించాలి?” నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉందా?

2. మా ఊళ్లో ఒక తల్లి పెద్దకర్మ రోజున ఆమెకు ఇష్టమైన వలసపాటను ఊరివాళ్లు పాడారు. కొడుకులు వేరావల్‌లో పడవ మీద ఉన్నారు, రాలేకపోయారు. వాళ్లు చూడాలని ఒక పిల్లవాడు ఫోనులో తీసి పెట్టాడు. రెండు రోజులకు దాని శబ్దం తీసేశారు. ఆ పిల్లవాడికి హెచ్చరిక వచ్చింది. తాను దొంగతనం చేశానని వాడు భయపడి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. పాట రాసినవాణ్ని నేను. పాడినవాళ్లు ఊరివాళ్లు. పాట ఎవరి గురించి రాశానో ఆ కొడుకులే వినాల్సినవాళ్లు. వీళ్లెవరికీ లేని హక్కు, ఆ రేవు ఎలా ఉంటుందో చూడనివాళ్లకు ఉంది.

3. నూతి నీళ్ల పాటను ఆరోగ్య కార్యకర్తలు ఊరి సమావేశాల్లో వినిపించేవారు. ఏ నీళ్లు తాగాలి, రక్తపరీక్ష ఎందుకు చేయించుకోవాలి అన్నది అందులో ఉంది. కొత్త రికార్డింగ్ వాళ్ల కోసమే స్పష్టంగా, నెమ్మదిగా పాడాను. ఇప్పుడు అది మూగది.

4. పొడవు పాటల కష్టం వేరు. మా కథలు గంటలు సాగుతాయి. స్ట్రీమింగ్ లెక్కలో ఎవరైనా 30 సెకన్లు విన్నా ఒకటే, 17 నిమిషాలు విన్నా ఒకటే. పైగా ప్రపంచంలోని పెద్ద స్ట్రీమింగ్ సంస్థల్లో ఒకటి 2024 నుంచి, ఏడాదిలో 1,000 సార్లు వినపడని పాటకు పైసా లెక్కించడం మానేసింది. అమెరికన్ వాగ్గేయకారుడు పాల్ సైమన్ 2023లో, 81 ఏళ్ల వయసులో, ఏడు భాగాల రచనను ముక్కలు చేయకుండా 33 నిమిషాల ఒకే పాటగా విడుదల చేశారని మా మనవరాలు చూపించింది. ఆ పాట విన్నాను. భాష తెలియకపోయినా, తెంచకూడని పాట అని తెలిసింది. ఆయనకున్న పేరుకు ఆ పని చెల్లింది. జముకుల కథ చెప్పే మనిషి అదే పని చేస్తే తన కథను తానే చంపుకున్నట్టు. అందుకే కుర్రాళ్లు కథను తుంపి, రెండు నిమిషాల ముక్కలు చేసి పెడుతున్నారు. ముక్కల్లో వంతకు చోటుండదు. పదేళ్లు పోతే వంత అంటే ఏమిటో వివరించాల్సి వస్తుంది.

5. కొత్తగా రాసేవాళ్లు తగ్గిపోతున్నారు. నా దగ్గర నేర్చుకున్న అమ్మాయి ఒకతె బాగా రాస్తుంది. ఇప్పుడు తన పాటలు పాడటం మానేసి, ఎవరూ అడ్డు చెప్పని పాత పాటలే పాడుతోంది. “రాసినా పేరుండదు, పాడితే హెచ్చరిక వస్తుంది, ఎందుకు బాబాయ్” అంది.

6. ముసలి కళాకారులకు కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ నెలకు 6,000 రూపాయల వరకు సాయం ఇచ్చే పథకం ఉంది. 60 ఏళ్లు నిండాలి, ఏడాది ఆదాయం 72,000 రూపాయలు దాటకూడదు. ప్రభుత్వం ఇస్తున్నది కాదనను, దానితో మందులు కొనుక్కునేవాళ్లు నాకు తెలుసు. కానీ పాట సంపాదించినదాన్ని పాటగాడికి చేరనివ్వకుండా, తర్వాత అతన్ని పేదవాడిగా ధ్రువపత్రం తెచ్చుకోమనడం ఏ న్యాయం? మాకు ముందు మా వాటా ఇప్పించండి. సాయం సంగతి ఆ తర్వాత.

ఇవీ మా కోర్కెలు. ఏది ఎవరు చేయాలో వేరుగా రాస్తున్నాను, మా పరిధి కాదని ఎవరూ అనకుండా.

1. ఆడియో కంపెనీలు: ఏ పాట మీద హక్కు చెబుతున్నారో ఆ పాటకు రాసిన కాగితం చూపించండి. నా మూడు పాటల కాగితం ముప్పై రోజుల్లో చూపించండి. చూపలేకపోతే ఫిర్యాదు వెనక్కి తీసుకోండి.

2. మీ జాబితాల్లో ‘జానపదం’, ‘సాంప్రదాయం’ అని రాసిన ప్రతి పాటనూ మళ్లీ చూడండి. 1970 తర్వాత వచ్చిన క్యాసెట్లలో చాలావాటి అట్టల మీద రచయిత పేరు ఉంది, ఫోనులోకి ఎక్కించేటప్పుడు పోయింది. అట్టలు మీ గోదాముల్లోనే ఉంటాయి. లేకపోతే మా ఇళ్లలో ఉన్నాయి, తెచ్చి చూపిస్తాం. నిజంగా కర్త తెలియని పాటకు ఏ ఊళ్లో, ఎవరి దగ్గర సేకరించారో రాయండి.

3. స్ట్రీమింగ్, వీడియో సంస్థలు: నా అభ్యంతరాన్ని ముందుగా పరిశీలించింది నా మీద ఫిర్యాదు చేసిన కంపెనీయే. ఇది ఏ ఊరి పంచాయతీలోనూ ఒప్పుకోని పద్ధతి. తెలుగు చదవగలిగిన మనుషులను పెట్టండి. వివాదం తేలేవరకు పాటను వినపడనివ్వండి, వచ్చిన డబ్బును పక్కన పెట్టండి, తేలాక ఎవరిదైతే వారికివ్వండి. కథాగానం లాంటి పొడవైన రచనలకు విన్న నిమిషాల లెక్కన చెల్లించండి.

4. రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు: పాటకు రాయల్టీ రావాలంటే రచయిత కాపీరైట్ సంఘంలో సభ్యుడై, తన రచనలను నమోదు చేయించుకోవాలి. ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ 1969 నుంచి ఉంది, 2017లో మళ్లీ కాపీరైట్ సంఘంగా నమోదైంది. ఈ సంగతి నాకు 67 ఏళ్ల వయసులో తెలిసింది. రికార్డింగ్‌కు ఒక గుర్తింపు సంఖ్య, రచనకు వేరొక గుర్తింపు సంఖ్య ఉంటాయట. కంపెనీ పెట్టేది మొదటిది. రెండోది లేకపోతే డబ్బు వచ్చినా ఎవరికి చేర్చాలో తెలియదు. జిల్లాకు ఒక శిబిరం పెట్టండి. పాటగాళ్ల దగ్గర దరఖాస్తులు నింపించండి. ధాన్యం కొనుగోలుకు రైతు పేరు నమోదు చేయగలిగిన యంత్రాంగానికి ఇది కష్టమైన పని కాదు.

5. ఇదీ రాష్ట్రాలకే. బతికి ఉన్న పాటగాళ్లను వాళ్ల వంతలతో సహా, పూర్తి కథతో సహా రికార్డు చేయించండి. అన్నమయ్య సంకీర్తనల రాగిరేకులు 1922లో తిరుమల అరలోంచి బయటపడ్డాయి. నాలుగు వందల ఏళ్లు మాట చెక్కుచెదరలేదు. పైన రాగం పేరు ఉంది. ఆయన పాడిన తీరు మాత్రం రేకుల్లో లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పెద్దలు మళ్లీ స్వరపరిస్తే మనం పాడుకుంటున్నాం. అప్పుడు గొంతును దాచే సాధనం లేదు. ఇప్పుడు ప్రతి జేబులో ఉంది. రికార్డు చేసిన ప్రతిదాని మీద పాడినవారందరి పేర్లు ఉండాలి, ఒక ప్రతి జిల్లా గ్రంథాలయంలో ఎవరైనా వినేలా ఉండాలి.

6. కేంద్ర ప్రభుత్వం: 52ఎ సెక్షన్‌కు ఒక్క వాక్యం చేర్చండి. రచయిత, స్వరకర్త, పాడినవారు, వంతలు, వాద్యం వాయించినవారు, వీరందరి పేర్లు తప్పనిసరి చేయండి. బతికున్నవారి రచనను తెలిసీ జానపదమని నమోదు చేస్తే జరిమానా వేయండి. హక్కుల ఒప్పందాల మీద ఫిర్యాదు చేయాలంటే ఇప్పుడు కోర్టు తప్ప దారి లేదు. జిల్లా స్థాయిలో ఖర్చు లేకుండా వినే ఏర్పాటు ఒకటి చేయండి.

ఈ లేఖకు మూడు జతచేస్తున్నాను: 1998 నాటి రసీదు నకలు, క్యాసెట్ అట్ట ఫొటో, నా పాటల నోటుబుక్కులో ఆ మూడు పాటలు రాసిన పేజీలు. నోటుబుక్కు పేజీల్లో కొట్టివేతలున్నాయి. నీళ్ల పాట రెండో చరణం అయిదుసార్లు మార్చాను. జానపదానికి కొట్టివేతలుండవు.

వచ్చే పౌర్ణమి నాడు పలాసలో జీడి కూలీల వాడలో ఆ మూడు పాటలూ పాడబోతున్నాను. జీడిపిక్కల పాటలో వంత చోటును ఈసారి ఖాళీగా వదలను. ఒక్క వరుస అందుకుంటానని చెల్లెలు మాటిచ్చింది. ఎవరైనా ఫోనులో తీస్తే వద్దనను. కింద రాయడానికి ఆమె పేరు, నా పేరు, పోయిన మా మిత్రుడి పేరు ఒక కాగితం మీద రాసి అందరికీ పంచుతాను. ఆ వీడియోకు మీ యంత్రం ఏం చేస్తుందో చూస్తాను. మీ జవాబు కోసం ఆ తర్వాత కూడా ముప్పై రోజులు ఆగుతాను.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక జముకుల కథకుడు